3 నిమిషాలు ఆగితే పడిపోయే బోర్డు: కెర్నెల్‌లో టైమర్‌ని మొదలుపెట్టడం వెనక ఉన్న చిక్కు

బోర్డుకి పవర్ ఇస్తే లినక్స్ చక్కగా బూట్ అవుతుంది. పదిసార్లు ఇస్తే పదిసార్లూ అవుతుంది. కానీ బూట్‌లోడర్ (లినక్స్ కన్నా ముందు నడిచి, దాన్ని లోడ్ చేసే ప్రోగ్రామ్) దగ్గర ఒక కీ నొక్కి ఆపి, ఏవో సెట్టింగులు చూసుకుంటూ ఉండగా ఫోన్ వస్తే మాట్లాడి, తిరిగొచ్చి బూట్ అని కొడితే మాత్రం కెర్నెల్, అంటే లినక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే అసలు భాగం, మొదట్లోనే పానిక్ అయి, అంటే ఇంక ముందుకి వెళ్ళలేక ఆగిపోయి కూర్చుంటుంది. తనంతట తను రీబూట్ కూడా అవ్వదు, పవర్ తీసి మళ్ళీ పెట్టాల్సిందే. పెట్టగానే మళ్ళీ ఏమీ జరగనట్టు బూట్ అవుతుంది. ఇలాంటి బగ్ చేతికొస్తే ముందు అనుమానం పవర్ సప్లై మీదకి పోతుంది, తర్వాత ర్యామ్ మీదకి, ఆ తర్వాత ఎస్‌డీ కార్డు మీదకి. టైమర్ మీదకి మాత్రం అంత తొందరగా పోదు.

ఆల్‌విన్నర్ కంపెనీ చిప్‌ల కోసం లినక్స్ కెర్నెల్‌లో సన్‌4ఐ అనే టైమర్ డ్రైవర్, అంటే టైమర్‌ని నడిపే కోడ్, ఉంది. అందులో 2016లో సరిచేసిన బగ్ సరిగ్గా ఇదే. మార్పు చూస్తే చాలా చిన్నది: డ్రైవర్ మొదలయ్యేటప్పుడు టైమర్‌ని ఆపుతుంది కదా, ఆపిన వెంటనే పెండింగ్‌లో ఉన్న ఇంటరప్ట్‌ని (చేస్తున్న పని ఆపి నన్ను చూడు అని హార్డ్‌వేర్ సీపీయూకి పంపే సంకేతాన్ని) కూడా తుడిచెయ్యాలి. అంతే. ఆ ఒక్క లైను ఎందుకు కావాల్సొచ్చింది, సరిగ్గా అక్కడే ఎందుకు పెట్టారు, ఇంకోచోట పెడితే ఏమవుతుంది అని తవ్వుకుంటూ పోతే టైమర్ డ్రైవర్ అంటే ఏంటో మొత్తం అర్థమవుతుంది. అందుకే ఈ బగ్ అంటే నాకు ఇష్టం, కొత్తగా డ్రైవర్లు రాసే ప్రతివాళ్ళకీ ముందు దీన్నే చూపిస్తాను.

మొదట టైమర్ సంగతి. గడియారం అన్న మాటలోనే గడియ ఉంది. 24 నిమిషాలు ఒక గడియ, 60 గడియలు ఒక రోజు, పంచాంగంలో ఇప్పటికీ ఆ లెక్కే వేస్తారు. పాతకాలంలో అడుగున సన్నటి చిల్లు ఉన్న గిన్నెని నీళ్ళ తొట్టిలో వదిలేవాళ్ళు. నీళ్ళు ఎక్కి గిన్నె మునిగిందంటే గడియ అయినట్టు. పక్కన కూర్చున్న మనిషి గంట కొట్టి, గిన్నె తీసి నీళ్ళు పారబోసి మళ్ళీ తేలేసేవాడు. చిప్‌లోని టైమర్ చేసేది కూడా ఇదే పని. గిన్నెలో నీటి మట్టం అంటే కౌంటర్, గిన్నె మునగడం అంటే లెక్క సున్నాకి రావడం, గంట అంటే ఇంటరప్ట్, పారబోసి మళ్ళీ తేలెయ్యడం అంటే రీలోడ్.

ఆ గిన్నెతో రెండు రకాల పనులు చేసుకోవచ్చు. నీళ్ళు ఎంతవరకు ఎక్కాయో చూసి ఇప్పుడు టైమ్ ఎంతయ్యిందో చెప్పడం ఒకటి. మునిగినప్పుడు గంట కొట్టి అందర్నీ లేపడం ఇంకొకటి. లినక్స్ ఈ రెండింటినీ పూర్తిగా వేరు చేసి చూస్తుంది. మొదటిదాన్ని క్లాక్‌సోర్స్ అంటారు. అది ఎప్పుడూ ఆగకుండా తిరిగే ఒక లెక్క, దాన్ని చదవడం తప్ప ఏమీ చెయ్యకూడదు. రెండోదాన్ని క్లాక్ ఈవెంట్ అంటారు. ఇంత సేపటికి నన్ను లేపు అని దానికి చెబుతాం, అది ఆ టైమ్‌కి ఇంటరప్ట్ కొడుతుంది. సన్‌4ఐ డ్రైవర్‌లో టైమర్ 1 క్లాక్‌సోర్స్, టైమర్ 0 క్లాక్ ఈవెంట్. రెండూ 24 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, రెండూ 32 బిట్లవి, రెండూ పైనుంచి కిందికి లెక్కపెడతాయి.

ఇప్పుడు అసలు కథ. మన ఊహలో కెర్నెల్ వచ్చేసరికి హార్డ్‌వేర్ కడిగిన పలకలా ఉంటుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒక అబ్బాయి ఇదే అడిగాడు: "అన్నా, రీసెట్ విలువ సున్నా అని డేటాషీట్‌లోనే ఉంది కదా, మళ్ళీ మనం సున్నా రాయడం ఎందుకు?" మంచి ప్రశ్న. డేటాషీట్‌లో ఉన్నది అబద్ధం కాదు, పవర్ వచ్చిన క్షణానికి ఆ రిజిస్టర్ (హార్డ్‌వేర్‌ని నడపడానికి చిప్‌లో ఉండే చిన్న గడి) సున్నాయే. కానీ పవర్ వచ్చిన క్షణానికీ, మన డ్రైవర్ నిద్ర లేచిన క్షణానికీ మధ్య చాలామంది ఆ ఇంట్లో కాపురం చేసి వెళ్ళిపోయారు. ముందు చిప్‌లోనే ఉండే బూట్ రోమ్ (ROM), తర్వాత బూట్‌లోడర్ మొదటి దశ, తర్వాత పూర్తి బూట్‌లోడర్. ఎవరికి కావల్సింది వాళ్ళు వాడుకున్నారు. వెళ్ళేటప్పుడు సర్దిపెట్టి వెళ్ళాలని నియమం ఉన్నా, ఉన్నదున్నట్టు వదిలేసి వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

యూ-బూట్ అనే బూట్‌లోడర్ సంగతే చూడండి. దానికి ఇంటరప్ట్‌లతో పనిలేదు, మధ్యమధ్యలో ఒక మిల్లీసెకను, పది మిల్లీసెకన్లు ఆగడం మాత్రం కావాలి. అందుకని ఆల్‌విన్నర్ చిప్‌ల మీద అది టైమర్ 0ని తీసుకుని, అందులో 32 బిట్లూ ఒకట్లు నింపి, 24 మెగాహెర్ట్జ్ మీద వదిలేస్తుంది. కావల్సినప్పుడల్లా విలువ చదువుకుని తేడా చూసుకుంటుంది. ఎప్పుడూ ఆపదు. లినక్స్‌కి చేతులు మార్చేటప్పుడు కూడా ఆపదు.

32 బిట్లలో పట్టే లెక్క 429 కోట్ల పైచిలుకు. దాన్ని సెకనుకి 2.4 కోట్ల చొప్పున తగ్గించుకుంటూ పోతే సున్నాకి రావడానికి 178.96 సెకన్లు పడుతుంది. ఒక్క సెకను తక్కువ 3 నిమిషాలు. మామూలుగా బూట్‌లోడర్ రెండు మూడు సెకన్లు ఆగి లినక్స్‌ని లోడ్ చేసేస్తుంది, గిన్నె మునిగే అవకాశమే లేదు. మనం కీ నొక్కి ఆపి ఫోన్‌లో మాట్లాడుతూ కూర్చుంటే మాత్రం 179వ సెకనులో టైమర్ సున్నాకి వచ్చి, స్టేటస్ రిజిస్టర్‌లో ఒక బిట్ పైకి లేస్తుంది. ఆ బిట్ అర్థం: గడియ అయిపోయింది, గంట కొట్టాలి. యూ-బూట్ ఇంటరప్ట్‌లు ఎనేబుల్ చెయ్యలేదు కాబట్టి గంట మోగదు. కానీ బిట్ అలాగే ఉంటుంది. ఎవరో ఒకరు తుడిచేదాకా ఉంటుంది. టైమర్‌ని ఆపినా ఉంటుంది. ఈ బగ్‌కి ప్రాణం ఇక్కడే ఉంది: ఆపడం వేరు, తుడవడం వేరు. ఆపితే గిన్నెలోకి కొత్తగా నీళ్ళు రావు, అంతేగానీ ఇప్పటికే మునిగిన గిన్నె దానంతట అది పైకి రాదు.

ఇక లినక్స్ వస్తుంది. కెర్నెల్ మొదలయ్యే తీరు ఒక క్రమంలో ఉంటుంది. మొదట్లో సీపీయూలో ఇంటరప్ట్‌లన్నీ మూసేసి ఉంటాయి. ఇంటరప్ట్ కంట్రోలర్‌ని (ఇంటరప్ట్‌లన్నిటినీ పోగేసి సీపీయూకి అందించే భాగాన్ని) సిద్ధం చేస్తారు, తర్వాత టైమర్ల, టైమ్ లెక్కల అంతర్గత ఏర్పాట్లు జరుగుతాయి, ఆ తర్వాత హార్డ్‌వేర్ టైమర్ డ్రైవర్లని పిలుస్తారు, ఇవన్నీ అయ్యాకే ఇంటరప్ట్‌లకి తలుపు తీస్తారు. సన్‌4ఐ డ్రైవర్ తన వంతు వచ్చినప్పుడు టైమర్ 0ని ఆపేది, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ని (ఇంటరప్ట్ వస్తే పరిగెత్తే కోడ్‌ని) నమోదు చేసేది, చివర్లో టైమర్‌లోని ఇంటరప్ట్ ఎనేబుల్ బిట్ వేసేది. ఆపింది కదా, ఇంక భయమేముంది? పైకి అంతా సక్రమంగానే కనిపిస్తుంది. కానీ ఎనేబుల్ బిట్ వేసేసరికి, ఎప్పుడో 179వ సెకనులో లేచి నిలబడ్డ ఆ పాత బిట్ ఇంటరప్ట్ లైన్‌ని పైకి లాగేస్తుంది. ఎవరూ అడగని గంట మోగుతుంది. సీపీయూ తలుపు తీయగానే హ్యాండ్లర్ పరిగెత్తుతుంది, క్లాక్ ఈవెంట్‌లో ఈవెంట్ హ్యాండ్లర్ అనే పాయింటర్ (పిలవాల్సిన కోడ్ ఎక్కడుందో చెప్పే చిరునామా) ఉంటుంది, దాన్ని పిలుస్తుంది. ఆ పాయింటర్‌ని నింపాల్సింది డ్రైవర్ కాదు, కెర్నెల్‌లోని టిక్ వ్యవస్థ, ఆ టైమర్‌ని వాడుకోవాలని నిర్ణయించినప్పుడు. అప్పటికింకా నింపలేదు. కాబట్టి పిలిచింది శూన్యాన్ని. నల్ పాయింటర్, పానిక్, కథ సమాప్తం.

ఇక్కడ చాలామందికి ముందు తట్టే పరిష్కారం ఏంటంటే, హ్యాండ్లర్‌లో ఒక చెక్ పెట్టేద్దాం, పాయింటర్ ఖాళీగా ఉంటే వెనక్కి వచ్చేద్దాం. సన్‌4ఐ విషయంలో అది పనిచేస్తుంది కూడా, ఎందుకంటే ఆ హ్యాండ్లర్ ముందు స్టేటస్ బిట్ తుడిచి, ఆ తర్వాతే పాయింటర్ని పిలుస్తుంది. అయినా నేను దాన్ని ఒప్పుకోను. టైమర్ హ్యాండ్లర్ అంటే సిస్టమ్ నడిచినన్నాళ్ళూ సెకనుకి వందలసార్లు పరిగెత్తే దారి. బూట్‌లో ఒక్కసారి జరిగే తప్పు కోసం ఆ దారిలో శాశ్వతంగా ఒక గేటు పెట్టడం సరికాదు. అంతకన్నా పెద్ద సంగతి, ఆ గేటు రేపు వచ్చే అసలు తప్పుల్ని కూడా దాచేస్తుంది. పాయింటర్ ఖాళీగా ఉండకూడని చోట ఖాళీగా ఉంటే మనకి తెలియాలి కదా. పైగా అదే చెక్‌ని, స్టేటస్ బిట్ చివర్లో తుడిచే వేరే డ్రైవర్‌లోకి ఎవరైనా కాపీ చేస్తే, తుడవకుండానే వెనక్కి వచ్చేస్తారు. లైన్ ఇంకా పైకే ఉంటుంది, బయటికి రాగానే మళ్ళీ అదే ఇంటరప్ట్, మళ్ళీ అదే. పట్టించుకోలేదు అని చెప్పే విలువని తిప్పి పంపితే, లినక్స్ లక్షసార్లు లెక్కపెట్టి, అందులో 99,900 కన్నా ఎక్కువసార్లు ఎవరూ పట్టించుకోలేదని తేలితే లాగ్‌లో ఫిర్యాదు రాసి ఆ ఇంటరప్ట్‌నే మూసేస్తుంది. మూసింది టైమర్ ఇంటరప్ట్ అయితే ఇక మిగిలేదేముంది. పట్టించుకున్నాను అని తిప్పి పంపితే ఆ లెక్క కూడా ఉండదు, సీపీయూ అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది.

ఇంటరప్ట్ కంట్రోలర్ దగ్గర పెండింగ్ తుడిచేస్తే సరిపోదా అని ఇంకొందరు అడుగుతారు. లెవెల్ రకం ఇంటరప్ట్ అయితే సరిపోదు. లైన్ పైకి ఉన్నంతసేపూ కంట్రోలర్‌కి అది పెండింగే, అక్కడ ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ కనిపిస్తుంది. పైకప్పు కారుతుంటే నేల తుడిచినట్టు. తుడవాల్సింది టైమర్‌లోనే. ఎడ్జ్ రకం, అంటే లైన్ లేచిన క్షణాన్నే లెక్కలోకి తీసుకునేది, అయితే ఇంకో తిరకాసు, టైమర్‌లో తుడిచినా కంట్రోలర్ తన దగ్గర గుర్తుపెట్టుకుని ఉండొచ్చు, అప్పుడు రెండుచోట్లా చూసుకోవాలి. మీ టైమర్ ఏ రకమో డేటాషీట్‌లో చూసి, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే ఫైల్‌లో) కూడా అదే రాసి ఉందో లేదో సరిచూసుకోవాలి. ఈ ఒక్క ఎంట్రీ తప్పు రాయడం వల్ల రాత్రిళ్ళు నిద్రపోని వాళ్ళు నాకు తెలుసు.

సరే, తుడవాలి. ఎప్పుడు? ముందు తుడిచి తర్వాత ఆపితే, ఆ రెండింటి మధ్య సందులో టైమర్ సున్నాకి వచ్చేయొచ్చు, మళ్ళీ బిట్ లేస్తుంది. సందు చిన్నదే, కానీ వేల బోర్డులు, వేల బూట్‌లు అన్నప్పుడు చిన్న సందులో కూడా ఎవరో ఒకరు పడతారు. అందుకని ముందు ఆపాలి, తర్వాత తుడవాలి. ఇక్కడ ఈ చిప్ ఇంకో మెలిక పెట్టింది. ఆపమని రిజిస్టర్‌లో రాయగానే టైమర్ ఆగదు. టైమర్ తన సొంత 24 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద నడుస్తోంది, మనం రాసింది దానికి చేరి అమలయ్యేసరికి ఆ క్లాక్‌లో కనీసం 2 సైకిళ్ళు పడుతుంది. డ్రైవర్ భద్రంగా 3 సైకిళ్ళు ఆగుతుంది, అంటే 125 నానోసెకన్లు. అంత చిన్న సమయం ఆగడం ఎలా? టైమ్ కొలిచే వ్యవస్థ ఇంకా పుట్టనే లేదు కదా. అందుకని డ్రైవర్ టైమర్ 1ని చూస్తుంది. దాని విలువ ఒకసారి చదివి, అది 3 అంకెలు తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ చదువుతూ ఉంటుంది.

ఇందులో ఒకటి ఇంకోదాని మీద ఆధారపడే చిన్న సంగతి దాగి ఉంది, కోడ్ పైపైన చదివితే తెలియదు. టైమర్ 0ని ముట్టుకోవాలంటే టైమర్ 1 అప్పటికే నడుస్తూ ఉండాలి. లేకపోతే ఆ మూడు అంకెలు ఎప్పటికీ తగ్గవు, కెర్నెల్ ఆ లూప్‌లోనే ఉండిపోతుంది, లాగ్‌లో ఒక్క ముక్క రాదు. అందుకే ఆ డ్రైవర్‌లో టైమర్ 1ని ముందు నడిపించి, క్లాక్‌సోర్స్‌గా నమోదు చేసి, ఆ తర్వాతే టైమర్ 0 జోలికి వెళతారు. కోడ్ శుభ్రం చేద్దామని క్లాక్ ఈవెంట్ భాగాన్ని పైకి జరిపితే చాలు, బోర్డు పోయినట్టే. ఇలాంటి చోట రెండు లైన్ల కామెంట్ రాయడం కోడ్ రాసినంత ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను, ఆ డ్రైవర్ రాసినవాళ్ళు కూడా ఎందుకు ఆగుతున్నారో కామెంట్‌లో వివరంగా రాశారు.

కాబట్టి క్రమం ఇలా నిలబడుతుంది: చదివే టైమర్‌ని నడిపించు, లేపే టైమర్‌ని ఆపు, ఆగేదాకా ఆగు, పాత గుర్తు తుడువు, కెర్నెల్‌కి పరిచయం చెయ్యి, ఇంటరప్ట్ హ్యాండ్లర్ పెట్టు, ఆఖరున మాత్రమే టైమర్‌లో ఇంటరప్ట్ తలుపు తియ్యి. తుడిచే పద్ధతి కూడా కొత్తవాళ్ళని తికమక పెడుతుంది. ఆ బిట్‌ని సున్నా చెయ్యాలంటే అందులో ఒకటి రాయాలి. సున్నా రాస్తే ఏమీ జరగదు. స్టేటస్ రిజిస్టర్ల లోకంలో ఇది మామూలే, దీనికి కారణం ఉంది: ఒకే రిజిస్టర్‌లో పక్కపక్కనే వేరే టైమర్ల బిట్లు కూడా ఉంటాయి, వాటిని ముట్టకుండా మనది ఒక్కటే తుడుచుకోవడానికి ఈ పద్ధతి వీలు. అది తెలియక, రిజిస్టర్ చదివి, మన బిట్ ఒక్కటీ తీసేసి, మిగతాది తిరిగి రాసేస్తే, మనది తుడుచుకోదు, పక్కవాళ్ళవి తుడుచుకుపోతాయి. సరిగ్గా తలకిందులు.

ఈ రోగం ఆల్‌విన్నర్ లాంటి ఆర్మ్ రకం ప్రాసెసర్ బోర్డులదే అనుకోకండి. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచీ ఉంది. పీసీ టైమర్ 1193182 హెర్ట్జ్ మీద నడుస్తుంది. టీవీ రంగుల సిగ్నల్ కోసం దొరికే చవకైన 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ని 12తో భాగిస్తే వచ్చిన విలువ అది. దాన్ని బయోస్ (పీసీలో మొదట నడిచే ప్రోగ్రామ్) 65536తో భాగించి సెకనుకి 18.2 సార్లు ఇంటరప్ట్ కొట్టేలా పెట్టి వెళ్ళిపోతుంది. సరదాగా సొంత ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం మొదలుపెట్టిన ఎవరినైనా అడగండి, ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వెళ్ళి ఇంటరప్ట్‌లు తెరవగానే ఎవరో తలుపు దబదబా బాదినట్టు డబుల్ ఫాల్ట్ (ఒక తప్పుని సర్దబోతుంటే ఇంకో తప్పు జరిగిందని సీపీయూ చెప్పే ఎర్రర్) వస్తుంది. నిజానికి అది డబుల్ ఫాల్ట్ కాదు. బయోస్ వదిలేసిన టైమర్ గంట. ఇంటరప్ట్ కంట్రోలర్‌ని కొత్త నంబర్లకి మార్చకపోతే టైమర్ ఇంటరప్ట్ 8వ నంబర్‌కి వస్తుంది, డబుల్ ఫాల్ట్ నంబర్ కూడా 8. ముందు కాపురం ఉన్నవాళ్ళు వదిలేసిన గంట మన ఇంట్లో ఇంకో పేరుతో మోగింది, అంతే.

ఇప్పటిదాకా చెప్పింది ముందువాళ్ళు వదిలిపోయిన అప్పు గురించి. వాళ్ళు వదిలిపోయిన ఆస్తి కూడా అంతే ప్రమాదం, ఇది నా సొంత అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక బోర్డు మీద, చిప్ పేరు ఇక్కడ అనవసరం, కొత్త టైమర్ డ్రైవర్ పెట్టాం. కెర్నెల్ లేస్తోంది, లాగ్ గడగడా వస్తోంది, డ్రైవర్లన్నీ ఒక్కొక్కటే హాజరు పలుకుతున్నాయి, చివరికి వచ్చేసరికి ఠక్కున ఆగిపోతోంది. వాడని మెమరీని విడుదల చేస్తున్నాను అనే లైను రావాలి, అది రావట్లేదు. పానిక్ లేదు, ఎర్రర్ లేదు. బోర్డు మీద హార్ట్‌బీట్ ఎల్‌ఈడీ ఒకటి ఉండేది, టక్‌టక్ మని రెండుసార్లు వెలిగి ఆగి మళ్ళీ వెలిగేది. అది వెలిగి ఉండగానే బిగుసుకుపోయింది. ఆ ఎల్‌ఈడీనే నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అది వెలగాలన్నా ఆరాలన్నా కెర్నెల్ టైమర్ కావాలి. వెలిగింది గానీ ఆరలేదంటే, ఆ సందులోనే టైమ్ ఆగిపోయింది.

అక్కణ్ణుంచి దారి దొరికింది. టైమర్‌కి క్లాక్ ఇచ్చే గేటు ఒకటి ఉంటుంది. బూట్‌లోడర్ తన అవసరానికి ఆ గేటు తెరిచింది. మా డ్రైవర్ ఆ క్లాక్ రేటు ఎంత అని అడిగింది, జవాబు వచ్చింది, టైమర్ తిరుగుతూనే ఉంది, అంతా బాగుంది అనుకుంది. కానీ ఈ క్లాక్ నాకు కావాలి, ఎనేబుల్ చెయ్యి అని కెర్నెల్‌కి చెప్పలేదు. కెర్నెల్ బూట్ చివర్లో ఒక మంచి పని చేస్తుంది, ఎవరూ అడగని క్లాక్‌లన్నీ కరెంటు ఆదా కోసం ఆపేస్తుంది. మా టైమర్ క్లాక్ కూడా ఆ లెక్కలో ఎవరూ అడగనిదే. ఆపేసింది. ఆ కెర్నెల్ వెర్షన్‌లో దాని గురించి లాగ్‌లో ఒక్క అక్షరం కూడా రాసేది కాదు. ఆపే ముందు క్లాక్ పేరు రాసేలా ఒక ప్రింట్ పెట్టి చూస్తే, ఆఖరి లైనులో కనిపించింది మా టైమర్ పేరే. వాడని క్లాక్‌లని వదిలెయ్యి అనే బూట్ ఆప్షన్ ఇచ్చి చూస్తే బోర్డు లాగిన్ దాకా వచ్చింది, డీబగ్ ఫైల్‌సిస్టమ్‌లోని క్లాక్ సమ్మరీ తెరిస్తే మా టైమర్ క్లాక్ ఎదురుగా ఎనేబుల్ లెక్క సున్నా. డ్రైవర్‌లో ఒక్క లైను చేర్చాం. రెండు రోజుల టెన్షన్ పోయింది.

ఆ బూట్ ఆప్షన్‌ని అలాగే ఉంచేసి ఉత్పత్తికి పంపేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అది కారణం కనిపెట్టడానికి పనికొచ్చే పరికరం, మందు కాదు.

రేటు గురించి కూడా ఒక మాట. డ్రైవర్ టైమర్ని నమోదు చేసేటప్పుడు ఇది సెకనుకి ఇన్నిసార్లు తిరుగుతుంది అని చెప్పాలి. 24 మెగాహెర్ట్జ్ అయితే ఒక్క సైకిల్ 41.6667 నానోసెకన్లు. కెర్నెల్‌లో దశాంశాల లెక్క చెయ్యరు కాబట్టి దీన్ని ఒక పెద్ద పూర్ణసంఖ్యతో గుణించి, కొన్ని బిట్లు కుడికి జరపడంగా మారుస్తారు. ఉదాహరణకి 24 బిట్లు జరిపితే గుణించాల్సిన సంఖ్య 699050667. ఆ సంఖ్యల్ని కెర్నెలే లెక్క కట్టుకుంటుంది, మనం రేటు సరిగ్గా చెబితే చాలు. చెప్పకపోతే? అసలు క్లాక్ 24 అయి ఉండగా 25 అని చెప్పారనుకోండి, రోజుకి దాదాపు 58 నిమిషాలు వెనకబడుతుంది. క్లాక్ 32768 హెర్ట్జ్‌కి మారిపోయి ఉంటే, సెకను నిద్రపో అంటే 12 నిమిషాల పైన పడుకుంటుంది. అంత పెద్ద తేడా అయితే వెంటనే తెలుస్తుంది. ఆ 4 శాతం తేడాయే మోసం చేస్తుంది, ఎందుకంటే క్లాక్‌సోర్స్, క్లాక్ ఈవెంట్ రెండూ ఒకే తప్పు రేటుతో నడుస్తున్నప్పుడు లోపల అంతా ఒకదానితో ఒకటి సరిపోతుంది. పది సెకన్లు పడుకోమని చెప్పి ముందూ వెనకా టైమ్ చూస్తే సరిగ్గా పది సెకన్లే చూపిస్తుంది. నెట్‌వర్క్ ఉంటే బయటి టైమ్ సర్వర్‌తో పోల్చాలి, లేకపోతే చేతి వాచీ పక్కన పెట్టుకుని పది నిమిషాలు కొలవాలి. కొత్త బోర్డు వస్తే నేను మొదటిరోజే చేసే పని ఇది.

ఇంకొన్ని గుర్తులు పనికొస్తాయి. బూట్ లాగ్‌లో ప్రతి లైను ముందూ టైమ్ సున్నాగానే ఉండిపోతే, లెక్క తిరగడం లేదని గానీ, దాన్ని కెర్నెల్‌కి నమోదు చెయ్యలేదని గానీ అర్థం. పాత పద్ధతిలో డిలే లూప్ (చిన్న ఆలస్యాల కోసం సీపీయూ ఊరికే తిరిగే కోడ్) వేగం కొలిచే చోట లాగ్ ఆగిపోతే, టైమర్ ఇంటరప్ట్ రావట్లేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు, ఎందుకంటే ఆ కోడ్ తర్వాతి టిక్ కోసం కాచుకుని కూర్చుంటుంది. అలాంటప్పుడు ముందు డివైస్ ట్రీలో ఇంటరప్ట్ నంబర్ చూడండి. ఆర్మ్ జిఐసి అనే ఇంటరప్ట్ కంట్రోలర్‌లో అందరికీ ఉమ్మడిగా ఉండే ఇంటరప్ట్‌లు 32 నుంచి మొదలవుతాయి. చాలా డేటాషీట్లు ఆ 32 కలిపిన నంబర్ ఇస్తాయి, డివైస్ ట్రీలో మాత్రం 32 తీసేసి రాయాలి. ఆ తీసివేత మర్చిపోతే హ్యాండ్లర్ ఎవరిదో వేరేవాళ్ళ గంట కోసం కాచుకుని ఉంటుంది.

ఈ రోజుల్లో చాలా చిప్‌లకి ఆర్మ్ వాళ్ళ సొంత టైమర్ కోర్ లోపలే ఉంటుంది, కాబట్టి ఇంత కష్టం లేదనిపిస్తుంది. కానీ అక్కడ కూడా ఫర్మ్‌వేర్ తన పని చేసి వెళ్ళాలి. టైమర్ వేగం ఎంతో చెప్పే రిజిస్టర్‌ని హార్డ్‌వేర్ నింపదు, ఫర్మ్‌వేర్ రాయాలి, ప్రతి కోర్‌లోనూ రాయాలి. వర్చువల్ కౌంటర్‌కి ఒక ఆఫ్‌సెట్, అంటే అసలు లెక్కలోంచి తీసెయ్యాల్సిన మొత్తం, ఉంటుంది, రీసెట్ తర్వాత దాని విలువ ఫలానా అని హామీ లేదు. ఒక కోర్‌లో దాన్ని సున్నా చేసి ఇంకో కోర్‌లో వదిలేస్తే, ప్రోగ్రామ్ ఒక కోర్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు టైమ్ వెనక్కి నడుస్తుంది.

మరి ఇవన్నీ టెస్టింగ్‌లో ఎందుకు దొరకవు? క్యూఎమూ లాంటి ఎమ్యులేటర్‌లో కెర్నెల్‌ని నేరుగా లోడ్ చేసి నడుపుతాం. అక్కడ బూట్‌లోడర్ లేదు, ముందు కాపురం ఉన్నవాళ్ళు లేరు, రిజిస్టర్లన్నీ నిజంగానే కడిగిన పలక. అసలు బోర్డు మీద ఆటోమేటిక్ టెస్టులు నడిపినా, అవి బూట్‌లోడర్ దగ్గర క్షణం కూడా ఆగవు. మనిషి కూర్చుని ఆపినప్పుడు మాత్రమే 179 సెకన్లు దాటుతాయి. అంటే ఈ బగ్ కస్టమర్ బల్ల మీద, ఏదో సెట్టింగ్ మారుస్తున్న ఇంజనీర్ చేతిలో పేలుతుంది, మనకి ఫోన్ చేసి చెబితే మన దగ్గర మాత్రం కనిపించదు.

కెక్సెక్ అయితే ఇంకా కఠినం. ఒక కెర్నెల్ క్రాష్ అయినప్పుడు, దాని మెమరీని కాపాడటానికి ఇంకో కెర్నెల్ మధ్యలో రీసెట్ లేకుండా నేరుగా లేస్తుంది. మొదటి కెర్నెల్ చచ్చిపోయింది, దానికి సర్దే టైమ్ ఎక్కడిది? టైమర్ నడుస్తూ ఉంటుంది, ఇంటరప్ట్ ఎనేబుల్ బిట్ కూడా వేసే ఉంటుంది. యూ-బూట్ కనీసం ఆ తలుపు మూసే ఉంచింది, ఇక్కడ అది కూడా తెరిచే ఉంది. అందుకని టైమర్‌ని ఆపేటప్పుడే ఎనేబుల్ బిట్ కూడా మూసేసి మొదలుపెట్టడం మంచిది.

అందుకే మా దగ్గర ఏ టైమర్ డ్రైవర్ మారినా మూడు బూట్‌లు చేస్తాం. ఒకటి మామూలుగా. ఒకటి కెర్నెల్‌ని కావాలని క్రాష్ చేసి, రెండో కెర్నెల్ లేస్తుందో లేదో చూడటానికి. ఇంకొకటి బూట్‌లోడర్ ప్రాంప్ట్ దగ్గర ఆపి. టైమర్‌లో పట్టే లెక్కని దాని వేగంతో భాగిస్తే వచ్చిన సెకన్లకి ఇంకో పది కలిపి ఫోన్‌లో అలారం పెట్టుకుంటాం. 24 మెగాహెర్ట్జ్, 32 బిట్లు అయితే 189 సెకన్లు. ఆ అలారం మోగాక బూట్ కొట్టి, కన్సోల్‌లో టైమర్ లైను వచ్చి, దాని కింద ఇంకో లైను వచ్చేదాకా చూస్తాం.